సన్మాన పత్రాల వీరులు

మా ఆఫీసులో రిటైరయ్యే ప్రతివాడూ వీరుడే, కనీసం ఆ ఒక్క సాయంత్రం. అలా రాసే పని నాది.

ఎమ్మే తెలుగు చదివి సర్కారు ఆఫీసులో గుమాస్తాగా చేరినందుకు నాకు పడిన శిక్ష ఇది. చేరిన కొత్తలో ఒక పెద్దాయన పదవీ విరమణ సభకి సన్మాన పత్రం రాయమంటే రాశాను. చదివినాయన గొంతు బాగుందో, విన్నవాళ్ళు ఆకలి మీద ఉన్నారో గానీ చప్పట్లు గట్టిగా పడ్డాయి. అంతే, దొరికిపోయాను. ఆ తర్వాత ఎవరు రిటైరైనా నా టేబుల్ దగ్గరికే వచ్చేవారు. బదిలీ మీద వేరే ఆఫీసుకి వెళ్ళినవాళ్ళు కూడా తమ నెల దగ్గరపడగానే ఫోన్ చేసి, ఎప్పుడూ లేనిది, మా ఇంట్లో అందరి ఆరోగ్యం గురించీ అడిగేవారు.

సన్మాన పత్రం ఎలా ఉంటుందో మీరు చూసే ఉంటారు. మెరిసే కాగితం, చుట్టూ బంగారు రంగు అంచు, పైన రెండు నెమళ్ళు. పుట్టిన ఊరు, చదువు, ఉద్యోగంలో చేరిక, ఆ తర్వాత గుణగణాలు. అద్దం కట్టించి, శాలువా కప్పి, అందరి ముందూ చదివి చేతికిస్తారు. గుణగణాల దగ్గరికి వచ్చేసరికి ఇతిహాసం అవసరం పడుతుంది. దానంలో ఫలానా వీరుడు, మాట మీద నిలబడటంలో ఫలానా, గురిలో ఫలానా. పోలిక లేని పత్రం ఉప్పు మరిచిన పులిహోరలా ఉంటుందని మావాళ్ళ అభిప్రాయం. రిటైరయ్యే మనిషి తనకి ఎవరు కావాలో ముందే కబురు పంపేవాడు. తనే అడిగితే బాగుండదు కాబట్టి అటెండర్ చేత పంపేవాడు. "మేడమ్, సార్‌కి గద పట్టుకున్నాయన అంటే మస్తు ఇష్టమంట" అని అటెండర్ చెవిలో చెప్పి పోయేవాడు.

ఇందులో నేను ఎవరి పేరూ రాయబోవడం లేదు. మా ఆఫీసు మనుషుల పేర్లు రాస్తే బాగుండదు. వీరుల పేర్లు రాయనక్కర్లేదు, మీకు తెలుసు.

పత్రాలు అచ్చు వేసేది ఛత్తా బజార్లో, ఒక చిన్న ప్రెస్సులో. పెళ్ళి కార్డులు వాళ్ళ అసలు వ్యాపారం. అక్కడి భాయ్‌కి తెలుగు చదవడం రాదు, మాట్లాడటం వచ్చు. మన వీరులందరూ ఆయనకి ఆయుధాల లెక్కనే తెలుసు. నేను మెట్లెక్కుతుండగానే కంప్యూటర్ ముందు నుంచి అరిచేవాడు.

"ఆయియే మేడమ్! ఈసారి ఎవరు? గదవాలానా, ధనుష్‌వాలానా?"

"విల్లే. కానీ పోయినసారి వేసిన బొమ్మ వద్దు. అది వేరే ఆయనది."

"విల్లు విల్లే గదా మేడమ్. మీసం తీసేస్తా, కిరీటం కలర్ మారుస్తా. కొత్త ఆద్మీ అయిపోతడు."

నిజంగానే అయిపోయేవాడు. ధర్మం వైపు నిలబడిన విలుకాడికీ, అధర్మం వైపు నిలబడిన విలుకాడికీ ఆయన దగ్గర ఒకటే ఒళ్ళు. మీసం ఒక్కటే తేడా. నాకు మొదట్లో నవ్వొచ్చేది. తర్వాత తర్వాత ఆయన పద్ధతే సరైందేమో అనిపించసాగింది.

ఎందుకంటే వీరుల్ని పొగడాలంటే వాళ్ళ గురించి మళ్ళీ చదవాల్సి వచ్చేది. చిన్నప్పుడు మా నాన్న చెప్పగా విన్న కథ ఒకటి, ముక్కుమీద కళ్ళద్దాలు పెట్టుకుని పెద్దయ్యాక చదివిన కథ ఒకటి. రెండో కథలో వాళ్ళు అంత మంచివాళ్ళు కారు. అడిగినవాడికి ఒంటిమీది కవచం కోసి ఇచ్చిన దాత, నిండు సభలో ఒక ఆడదాన్ని చూసి నోటికి రాకూడని మాట అన్నాడు. విద్య నేర్పిన గురువు, తాను నేర్పని విద్యకి కూడా జీతం అడిగాడు, అదీ ఒక అడవి పిల్లవాడి బొటనవేలు. సత్యం తప్పని పెద్దన్న, భార్యని పందెంలో ఒడ్డాడు. నడుము కింద కొట్టకూడదని తెలిసిన గదాధరుడు తొడ మీద కొట్టాడు. అంతమంది మహారథులు కలిసి ఒక్క కుర్రవాణ్ణి చుట్టుముట్టి చంపారు, సాయంత్రం డేరాలకి పోయి అన్నాలు తిన్నారు. ఇవన్నీ ఎక్కడో దాచి పెట్టినవి కావు. అందరికీ తెలిసినవే. కానీ పొగిడేటప్పుడు ఎవరికీ గుర్తురావు. ఇది నన్ను చాలా విసిగించేది.

ఆ విసుగులోంచే ఒక ఆట మొదలైంది. ఒకసారి ఒక అధికారి రిటైరయ్యాడు. కింది ఉద్యోగులు కూర్చుని తయారుచేసిన రిపోర్టుల మీద తన పేరు వేసుకుని పైకి పంపడంలో ఆయన్ని మించినవాడు లేడు. కుర్రాళ్ళకి పని నేర్పాననేవాడు. నేను ఆయన్ని ఆ గురువుగారితో పోల్చాను. శిష్యవాత్సల్యం గురించి నాలుగు వాక్యాలు రాశాను. హాలు మారుమోగింది. ఆయన భార్య కొంగుతో కళ్ళొత్తుకుంది. బొటనవేళ్ళు పోగొట్టుకున్న కుర్రాళ్ళు కూడా చప్పట్లు కొట్టారు.

అప్పటినుంచి నేను ఏ పత్రంలోనూ అబద్ధం రాయలేదు. మనిషికి ఏ లోపం ఉందో చూసి, ఆ లోపం ఉన్న వీరుణ్ణి వెతికి, ఆ వీరుడి గొప్ప గుణాన్ని రాసేదాన్ని. స్నేహం కోసం దుర్మార్గుడైన పై అధికారి వెంట ఏళ్ళ తరబడి తిరిగినవాడికి దాత. తన తప్పులకి ఇంట్లోవాళ్ళ చేత మూల్యం కట్టించినవాడికి పెద్దన్న. ఎవరూ పట్టుకోలేదు. పొగడ్తని ఎవరూ వెనక్కి తిప్పి చూడరు గదా.

ఒక్కాయన పట్టుకున్నాడు.

ఆయన మా ఆఫీసు పెద్ద. మాలాగే కోస్తా నుంచి ఎప్పుడో వచ్చి సంతోష్‌నగర్‌లో స్థిరపడిన కుటుంబం. మంచి మనిషి, ఈ మాట నేను ఎగతాళికి అనడం లేదు. సెలవు అడిగితే కారణం అడిగేవాడు కాదు. ఆదివారం సాయంత్రాలు వాళ్ళ కాలనీ కమ్యూనిటీ హాల్లో ఇతిహాసం మీద ఉపన్యాసాలు ఇచ్చేవాడు. నేను రెండు మూడుసార్లు వెళ్ళాను. జూదం తర్వాతి సభ గురించి చెప్పిన రోజు అమ్ముల పడక మీద పడుకున్న తాతని ఆయన వదిలిపెట్టలేదు. ఆ ముసలాయన లేచి ఒక్కసారి చెయ్యెత్తితే ఆ సభ ఆగిపోయేది, లేవలేదు, ధర్మం సూక్ష్మమైందని చెప్పి కూర్చున్నాడు, ఆ తర్వాత శాంతి గురించీ ధర్మం గురించీ ఎన్ని చెప్పి ఏం లాభం, అన్నీ పడుకున్నాకే గదా చెప్పింది అన్నాడు. ముందు వరసలో కూర్చున్న ముసలివాళ్ళు ఇబ్బందిగా కదిలారు.

గురువుగారి పత్రం చదివిన మర్నాడు ఆయన నన్ను తన గదిలోకి పిలిచాడు. ఫైలు మీద సంతకం పెడుతూ తల ఎత్తకుండా అడిగాడు.

"ఎన్ని బొటనవేళ్ళమ్మా, మీ లెక్క ప్రకారం?"

నేను నవ్వేశాను. ఆయనా నవ్వాడు. ఆ రోజు నుంచి ప్రతి పత్రం తర్వాత మా ఇద్దరికీ ఒక చూపు ఉండేది. వేదిక మీద నుంచి ఆయన, ఫ్యాను కింద నుంచి నేను. ఒకే కథ చదివినవాళ్ళకి దొరికే సుఖం అది. ఆఫీసులో నాకు స్నేహితుడంటే ఆయనే.

ఇక జరిగింది చెప్తాను. జరిగినప్పుడు నేను అక్కడ లేను. ఎవరిదో పత్రం అచ్చు వేయించడానికి ఛత్తా బజార్లో ఉన్నాను.

మా ఆఫీసులో ఊడ్చి తుడిచే ఆమె ఒకతె ఉండేది. జహనుమా నుంచి వచ్చేది. కాంట్రాక్టు మీద పని. ఆమె భర్త పెయింటింగ్ పనులకి పోయేవాడు, పిల్లలు చర్చి బడిలో చదివేవారు. ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. ఆ రోజు పెద్ద గదిలో సమీక్షా సమావేశం. పొడుగు టేబుల్ చుట్టూ సీనియర్లందరూ కూర్చున్నారు, చివర కుర్చీలో మా పెద్ద. ఆమె టీ కప్పులు తీస్తోంది. ఒక సెక్షన్ అధికారి తన కొత్త ఫోను కనిపించడం లేదని లేచాడు. కాసేపు జేబులు తడుముకున్నాడు. తర్వాత ఆమెని ఆగమన్నాడు. బయట వరండాలో కొక్కేనికి తగిలించి ఉన్న ఆమె సంచి తెప్పించి, ఆ టేబుల్ మీద బోర్లించాడు. టిఫిన్ డబ్బా, దువ్వెన, బీపీ మాత్రలు, ఒక పాత జాకెట్టు. మందుల షాపులో నల్ల కవర్లో చుట్టి ఇచ్చే ప్యాకెట్టు ఒకటి. ఆడవాళ్ళకి ఆ నల్ల కవరు ఏమిటో తెలుసు, మగవాళ్ళకీ తెలుసు. అతను దాన్ని కూడా విప్పాడు.

ఆ పెద్ద కథలో రాణిని సభకి ఈడ్చుకొచ్చిన రోజు కూడా అలాంటి రోజే. ఇది నేను కలిపి చెబుతున్నది కాదు, అలాగే ఉంది.

అందరూ ఫైళ్ళలోకి చూశారట. ఆమె ఒక్కొక్క వస్తువూ మళ్ళీ సంచిలో పెట్టుకుందట. ఫోను సాయంత్రం అతని కారులోనే సీటు కింద దొరికింది. దొరికిందని అతను ఎవరికీ చెప్పలేదు, డ్రైవర్ చెప్పాడు. వారం తిరగకుండా కాంట్రాక్టరు ఆమెని రేపటి నుంచి రావద్దన్నాడు. ఎందుకంటే కారణం చెప్పలేదు. ఆఫీసులో దొంగతనం పేరు పడ్డ మనిషిని ఏ కాంట్రాక్టరూ ఉంచుకోడు.

ఆమె ఊరుకోలేదు. పక్కింటి అమ్మాయి చేత ఫిర్యాదు రాయించి పై ఆఫీసుకి పంపింది. నా దగ్గరికి కూడా వచ్చింది. మెట్ల కింద, సైకిళ్ళు పెట్టే చోట నిలబడి మాట్లాడుకున్నాం.

"పని పోతె పోనియ్యిన్రి మేడమ్. యాడనో ఓ తాన దొరుకుతది. గని దొంగ అన్న పేరు వడ్డది. మా బస్తీల ఎవ్వలింటికి పోయినా జర చూసుకుంట కూసుంటున్నరు. నా సంచిల ఏం దొరకలె. గా మాట ఆ రూముల ఉన్నోళ్ళల్ల ఒక్కలు చెప్తె చాలు."

"పై ఆఫీసు నుంచి అడుగుతారు. చెప్తారులే."

"సార్ చెప్తడు. పెద్ద సార్. గాయన మంచోడు మేడమ్, నాకు ఎర్కే."

విచారణ అధికారి వచ్చాడు. గదిలో ఉన్న ఒక్కొక్కరినీ ఏం చూశారో రాసివ్వమన్నాడు. నేను కూడా వెళ్ళాను, నాకు తెలిసింది చెప్తానన్నాను. మీరు గదిలో లేరు గదా మేడమ్, విన్న మాట పనికిరాదు అన్నాడు, మర్యాదగానే. సీనియర్లందరూ రాసిచ్చారు. ఒకరిది చూసి ఒకరు రాశారేమో, ఆ సమయంలో తన దృష్టి ఫైలు మీద ఉందని ప్రతివారూ రాశారు. మా ఆఫీసులో ఫైళ్ళ మీద అంత దృష్టి నేనెప్పుడూ చూడలేదు. సెక్షన్ అధికారి ఆమే సంచి తెచ్చి చూపించిందని రాశాడు. ఇక మిగిలింది మా పెద్ద. రిటైర్మెంటు పనుల్లో ఉన్నాను, కొంచెం గడువు కావాలన్నాడు. ఇచ్చారు. ఆయన ఒక్కడు ఉన్నది ఉన్నట్టు రాస్తే ఆమె మీద మచ్చ పోతుంది, పని మళ్ళీ వస్తుంది. రాయకపోతే లేదు. ఇది ఆఫీసులో అందరికీ తెలుసు, ఆమెకి అందరికంటే బాగా తెలుసు.

ఆ నెలాఖరుకే ఆయన పదవీ విరమణ. పత్రం నేనే రాయాలి. ఒక మధ్యాహ్నం, భోజనాల వేళ, ఆయనే నా టేబుల్ దగ్గరికి వచ్చాడు.

"నాది మొదలుపెట్టారా?"

"ఇంకా లేదు సార్."

"ఎవరు?" నవ్వుతూనే అడిగాడు గానీ, కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"మీరే చెప్పండి."

"పోలిక లేకుండా రాయకూడదా?"

"మనవాళ్ళు ఊరుకోరు. మీ మీద నాకేదో కోపం ఉందనుకుంటారు."

"ఉందా?"

ఆయన నా పెన్ను స్టాండులో పెన్నులన్నీ ఒక్కొక్కటే తీసి మళ్ళీ పెట్టాడు.

"తాతగారితో మాత్రం వద్దమ్మా," అన్నాడు.

"ఆ సభలో ఒకడు లేచాడు సార్. ఆ నూరుగురు అన్నదమ్ముల్లో ఒకడు, చిన్నవాడు. పెద్దలెవరూ నోరు విప్పడం లేదు కాబట్టి నేనే అంటున్నాను, ఇది తప్పు అన్నాడు. తన సొంతవాళ్ళ మీదే అన్నాడు."

"తెలుసు."

"ఆయనతో ఇంతవరకూ ఎవరినీ పోల్చలేదు. తగినవాడు దొరకలేదు."

"నేను తగినవాణ్ణా?"

"మీ కాగితం ఇంకా వెళ్ళలేదు గదా సార్."

ఆయన కుర్చీ వెనక్కి జరిపాడు. తర్వాత లేచి, "రాయండి," అన్నాడు. ఆ ఒక్క మాటకి నాకు ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. ఆ సాయంత్రం బస్సులో నిలబడే పత్రం మొత్తం మనసులో రాసేసుకున్నాను.

ప్రెస్సులో చిక్కొచ్చింది. భాయ్ ఎప్పటిలాగే ఆయుధం అడిగాడు. ఆ చిన్నవాడి ఆయుధం ఏమిటో నాకూ తెలియదు. ఎవరికీ తెలియదు. ఆయన చేసిన గొప్ప పని యుద్ధంలో లేదు.

"ఆయుధం వద్దు భాయ్. చెయ్యెత్తి నిలబడి మాట్లాడుతున్న మనిషి బొమ్మ ఉందా?"

"ఎలక్షన్‌ది ఉంది మేడమ్. లీడర్‌ది."

"దానికి కిరీటం పెట్టగలవా?"

"కిరీటం పెడతా, ఖద్దర్ తీసేస్తా. ఫికర్ మత్ కరో."

పెట్టాడు. చూస్తే కొంచెం నాయకుడి పోస్టర్ లాగే ఉంది, కాదనను. కానీ చెయ్యి పైకెత్తి ఉంది. నాకు అది చాలు.

సభ ఆ పెద్ద గదిలోనే జరిగింది. అదే పొడుగు టేబుల్. దాని మీద తెల్లగుడ్డ పరిచి పూలదండలు, లడ్డూల డబ్బా, రథం బొమ్మ జ్ఞాపిక పెట్టారు. సభ నడిపింది ఆ సెక్షన్ అధికారే. మా ఆఫీసులో మైకు పట్టుకోగలిగింది అతనొక్కడే. పత్రం నేనే చదివాను. నిండు సభలో పెద్దలందరూ తలలు దించుకున్న వేళ లేచి నిలబడి ఇది తప్పని పలికిన ఆ వీరుడి వంటివారు మీరు, అనే చోటు కొంచెం నెమ్మదిగా చదివాను. హాలంతా చప్పట్లు. తలలు దించుకున్నవాళ్ళు తలలెత్తి మరీ కొట్టారు. అందరికంటే గట్టిగా కొట్టింది మైకు పట్టుకున్నతను.

"వాహ్! మస్తు రాసిన్రు మేడమ్," అన్నాడు. "గీ వీరుడు ఎవరు? రథం తోలినాయననా?"

"అవును," అన్నాను. ఏం చెప్పమంటారు?

మా పెద్ద పత్రం అందుకున్నాడు. వేదిక మీద నుంచి నా వైపు చూస్తాడని ఎదురుచూశాను. చూడలేదు. శాలువా సర్దుకుంటున్నాడు, జనం ఎక్కువగా ఉన్నారు, అనుకుని సరిపెట్టుకున్నాను.

కొన్ని వారాలు గడిచాయి. ఆమె మధ్యమధ్య ఫోన్ చేసేది. "సార్ రాసిచ్చిండా మేడమ్?" అదొక్కటే ప్రశ్న. పై ఆఫీసులో అడిగితే ఇంకా రాలేదన్నారు, గడువు అయిపోవస్తోందన్నారు. ఆయనకి ఫోన్ చేస్తే ఎత్తలేదు. ఒక ఆదివారం ఉదయం నేనే వాళ్ళింటికి వెళ్ళాను. సంతోష్‌నగర్‌లో మా వీధికి నాలుగు వీధులవతల.

వాళ్ళావిడ తలుపు తీసింది. హాల్లో, టీవీ పైన, గోడకి పత్రం వేలాడుతోంది. గుమ్మంలోంచే కనిపించింది. చెయ్యెత్తిన మనిషి లేడు. బాణాల మీద వెల్లకిలా పడుకున్న తెల్లగడ్డం ముసలాయన ఉన్నాడు. అదే బంగారు అంచు, అవే నెమళ్ళు.

"మొదటిది ఏదో ఎలక్షన్ బొమ్మలా ఉందమ్మా," అంది ఆవిడ. "ఈయనే ప్రెస్సుకి వెళ్ళి మార్పించుకొచ్చారు. ఇది చూడండి, ఎంత నిండుగా ఉందో. వచ్చినవాళ్ళందరికీ చూపిస్తున్నాను."

దగ్గరికి వెళ్ళి చదివాను. పుట్టిన ఊరు నుంచి గుణగణాల దాకా నా వాక్యాలే. పోలిక దగ్గర ఒక్క వాక్యం మారింది. ఇచ్చిన మాట కోసం జీవితాన్నే ధారపోసిన కురువృద్ధుని వంటివారు మీరు. అది కూడా నాదే, వేరేవాళ్ళ పత్రంలోంచి తీసుకున్నాడు.

ఆయన లోపలి నుంచి వచ్చి కూర్చున్నాడు. ఆవిడ కాఫీ కలపడానికి వెళ్ళింది.

"అది నాది కాదమ్మా," అన్నాడు. "పొద్దున లేచి చూడలేకపోయాను."

"మీది కావడానికి ఇంకా వ్యవధి ఉంది సార్. ఈ వారం పంపినా తీసుకుంటారు."

"పంపించేశాను, నిన్ననే."

"ఏమని?"

ఆయన గోడ వైపు చూశాడు. నాకు అర్థమైంది. ఆయన కాగితంలో కూడా దృష్టి ఫైలు మీదే ఉంది.

"అతనూ నేనూ పక్కపక్క గదుల్లో ముసలివాళ్ళమయ్యాం," అన్నాడు. "పొద్దున లేస్తే అతని మొహమే చూశాను. వాళ్ళింట్లో పెళ్ళికి పీటల మీద అక్షింతలు వేశాను. అతని మీద నా చేత్తో రాయలేకపోయాను."

"ఆమె మొహం కూడా పొద్దున్నే చూశారు సార్. మీ టేబుల్ తుడిచింది ఆమే."

"తెలుసు. ఆ నల్ల కవరు విప్పుతున్నప్పుడు నేను చూస్తూనే ఉన్నాను. ఫైల్లోకి చూడలేదు. అదైనా మీకు చెప్పాలనిపించింది."

"నాకు కాదు గదా చెప్పాల్సింది!" అన్నాను. కొంచెం గట్టిగానే అన్నాను. వంటింట్లో స్పూను చప్పుడు ఆగింది.

కాఫీ వచ్చింది, తాగాను. వచ్చేటప్పుడు ఆ సాయంత్రం ఉపన్యాసానికి రమ్మన్నాడు, శాంతి గురించి తాత చెప్పిన మాటలు మొదలుపెడుతున్నానన్నాడు. నేను వెళ్ళలేదు.

నాకు ఆయన మీద చాలా కోపం వచ్చింది. ఇప్పటికీ ఉంది. మిగతావాళ్ళ మీద అంత లేదు. వాళ్ళు నిజంగా తమకేమీ కనిపించలేదని నమ్మేసుకుని హాయిగా ఉన్నారు. ఈయన తనకి తానే తీర్పు చెప్పుకుని, అచ్చు వేయించుకుని, అద్దం కట్టించి గోడకి తగిలించుకున్నాడు. అంత తెలివి ఉంది, అంత నిజాయితీ ఉంది. ఒక కాగితం మీద రెండు వాక్యాలు రాసే ధైర్యం మాత్రం లేదు. నా ఆటలో నేను ఎవరికి ఏ వీరుణ్ణి ఇచ్చినా వాళ్ళకి తెలియదు కాబట్టి నవ్వుకునేదాన్ని. తెలిసి అడిగి పుచ్చుకున్నవాడు ఈయనొక్కడే. ఆ తర్వాత నాకు ఆటలో నవ్వు రాలేదు.

విచారణ ముగిసింది. ఆరోపణ రుజువు కాలేదని పై ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. ఏ ఆరోపణ అని ఫోన్ చేసి అడిగాను. ఆమె మీద దొంగతనం ఆరోపణా, అతని మీద ఆమె చేసిన ఆరోపణా? రెండూ, అన్నారు అవతల.

ఈ సంగతి ఫోన్లో చెప్పబుద్ధి కాలేదు. జహనుమా వెళ్ళాను. ఆమె ఇప్పుడు ఫలక్‌నుమా దగ్గర ఒక ఫంక్షన్ హాల్లో గిన్నెలు కడుగుతోంది. మధ్యాహ్నం పనికి బయల్దేరబోతూ ఉంది. ఇంటి ముందు గడప మీద కూర్చోబెట్టింది. నీళ్ళిచ్చింది. పక్కింటి ముసలమ్మ మమ్మల్ని చూసి, బయట ఆరేసిన స్టీలు గిన్నెలు ఒక్కొక్కటే లోపల పెట్టుకుంది. అది మామూలుగా చేసే పనే కావచ్చు. ఆమె మాత్రం అటు చూసి, తల తిప్పుకుంది.

విచారణ ముగిసిందనీ, సార్ ఉన్నది ఉన్నట్టు రాయలేదనీ చెప్పాను. గోడ మీద పత్రం సంగతీ, తాత సంగతీ చెప్పలేదు. అవి మా చదువుకున్నవాళ్ళ సంగతులు, వాటితో ఆమెకేం పని?

ఆమె ఏడవలేదు. నేను తాగేసిన గ్లాసు తీసుకుని, లోపల పెట్టి వచ్చింది. తలుపుకి తాళం వేసింది. తాళం ఒకటికి రెండుసార్లు లాగి చూసింది.

"మేడమ్, ఓ మాట అడుగుత, ఏమనుకోకున్రి."

"అడుగు."

"ఆ దినం మీరు రూముల ఉంటె, చెప్పేటోళ్ళా?"

"చెప్పేదాన్ని," అన్నాను. ఆమె అడగడం పూర్తి కాకముందే అన్నాను.

ఆమె నా మొహం వంక చూసింది. ఆ చూపులో కోపం లేదు, నమ్మకమూ లేదు.

"గట్లనే అంటరు మేడమ్, రూముల లేనోళ్ళందరు," అని, చెప్పులేసుకుని పనికి వెళ్ళిపోయింది.